ఒంటి మీద సిగ్గు పోవాలంటే యారాడ దాకా వెళ్లక్కర్లేదు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నాకు 30 ఏళ్లు, వైజాగ్‌లోనే ఉద్యోగం. రెండేళ్లలో 118 కిలోల నుంచి 79కి తగ్గాను. బరువు పోయింది కానీ పొట్ట దగ్గర, ఛాతీ దగ్గర చర్మం వేలాడుతోంది, చారలు కూడా. బట్టల్లో బాగానే ఉంటాను, విప్పితే నా ఒళ్లు నాకే చూడబుద్ధి కాదు. మాఘమాసంలో పెళ్లి. నేచురిజం, అంటే బట్టలు లేకుండా నలుగురిలో మామూలుగా గడపడం, దీనికి బాగా పనిచేస్తుందని విదేశీయుల అనుభవాలు చదివాను. నిజమేనా? మన దగ్గర కుదురుతుందా? యారాడ వైపు జనం లేని చోట ప్రయత్నించవచ్చా?"

తమ్ముడూ, ముందు సూటిగా రెండు ముక్కలు. పనిచేస్తుంది, కాకపోతే నువ్వనుకుంటున్న కారణం వేరు, అసలు కారణం వేరు. ఇక యారాడ వద్దు, ఏ బీచీ వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను 27 ఏళ్లు ఓడల్లో ఇంజనీరుగా చేసి ఇప్పుడు మురళీనగర్‌లో కూర్చున్నాను. 2003లో ఇంజన్ రూములో ఆవిరి పైపు గ్యాస్కెట్ పేలి నా కుడి డొక్క, పొట్ట, ఛాతీలో సగం కాలిపోయాయి. తొడ మీద చర్మం తీసి అక్కడ అతికించారు. అలా అతికించే ముందు ఆ చర్మానికి మిషన్‌తో వరసగా చిన్న చిన్న గాట్లు పెట్టి జాలీలా సాగదీస్తారు, కొంచెం చర్మంతో ఎక్కువ చోటు కప్పొచ్చని. పుండు మానినా ఆ జాలీ అచ్చు మాత్రం ఒంటి మీద ఉండిపోతుంది. అద్దంలో చూసుకుంటే తడి వల కప్పుకుని పడుకున్నవాడిలా కనిపించేవాణ్ని.

ఆ తర్వాత నాలుగేళ్లు నేను ఎవరి ముందూ చొక్కా విప్పలేదు. రోహిణి కార్తెలో కరెంటు పోయినా బనియను ఉండాల్సిందే. స్నానాల గదిలో అద్దం తీయించేశాను. పిల్లలు రుషికొండ బీచి అంటే ఏదో పని చెప్పి తప్పించుకునేవాణ్ని. ఇంట్లో కూడా దీపం ఆర్పితే గానీ బట్టలు మార్చుకునేవాణ్ని కాదు. మా ఆవిడ మొదట్లో అడిగింది, తర్వాత అడగడం మానేసింది. ఆవిడ అడగడం మానేసిందని నేను గమనించడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

2007 జనవరిలో మా ఓడ కాగితం ఎత్తుకోవడానికి ఫిన్లాండ్‌లోని కోట్కా రేవుకి వెళ్లింది. సముద్రం గడ్డకట్టి ఉంది. రేవు దగ్గర నావికుల కోసం ఉన్న చోట సౌనా ఉందని, అంటే చెక్క గదిలో రాళ్లు కాల్చి వాటి మీద నీళ్లు పోసే ఆవిరి స్నానం, మా వంటవాడు నన్ను లాక్కెళ్లాడు. ఆవిరితో కాలినవాణ్ని ఆవిరి గదికి తీసుకెళ్లడమేంటో! తీరా లోపలికెళ్లబోతే అక్కడి మనిషి నా నిక్కరు చూసి తల అడ్డంగా ఊపాడు. అక్కడ చాలా చోట్ల సౌనాలోకి బట్టలతో వెళ్లనివ్వరు, ఈత దుస్తులతో కూడా. కింద వేసుకోవడానికి ఒక తువ్వాలు, అంతే. వెనక్కి వచ్చేద్దామంటే బయట మైనస్ 15.

లోపల ఐదుగురు మగవాళ్లు. మూలన కూర్చున్న పెద్దాయనకి 70 దాటి ఉంటాయి. పొట్టకి ఎడమ పక్కన ఒక సంచి అతికించి ఉంది, పేగు ఆపరేషన్ అయినవాళ్లకి మలం పోవడానికి పెడతారే, అది. చెమటకి అంచు కాస్త లేచినట్టుంది, వాచీ బెల్టు సర్దుకున్నంత మామూలుగా వేలితో నొక్కుకుని, చెంబుతో నీళ్లు తీసి రాళ్ల మీద పోశాడు. ఆ చుయ్‌మన్న చప్పుడుకి నేను ఉలిక్కిపడి లేచాను. అప్పుడు చూశాడు నా పొట్ట వైపు. "షిప్?" అన్నాడు. "స్టీమ్" అన్నాను. చేతిలో ఉన్న చెంబు వైపు ఒకసారి చూసుకుని, నీళ్లు తక్కువ పోయనా అన్నట్టు వేళ్లతో కొంచెం అని సైగ చేశాడు. నేను తల ఊపాను. ఆ తర్వాత అందరూ మళ్లీ ఏదో ఐస్ హాకీ గోలలో పడ్డారు.

నాలుగేళ్లలో నా మచ్చ చూసిన ప్రతి మనిషీ అయితే "అయ్యో" అన్నాడు, లేకపోతే మొహం తిప్పుకున్నాడు. ఈయన మాత్రం దాన్ని చూసి నీళ్లు ఎన్ని పోయాలో లెక్కేసుకున్నాడు. నా ఒంటి మీద సిగ్గు ఆ రోజే పోయిందని చెప్పను, అబద్ధమవుతుంది. కానీ దాని కాలు ఒకటి విరిగింది.

రెండేళ్ల తర్వాత వేసవిలో జర్మనీలోని రోస్టాక్ రేవులో ఆగినప్పుడు, ఈసారి కావాలనే, పక్కనే ఉన్న వార్నెముండె బీచికి వెళ్లాను. అక్కడ బట్టలు లేనివాళ్లకి వేరుగా ఒక భాగం ఉంటుంది. బోర్డు దాటేటప్పుడు గుండె దడదడలాడింది. దాటాక ఏముందో చెప్తే నవ్వుతావు. పెద్దవాళ్లు గళ్లనుడికట్టు నింపుకుంటున్నారు. ఒకాయన గొడుగు పాతలేక తిట్టుకుంటున్నాడు. పావుగంటలో నాకు బోరు కొట్టింది. ఆ బోరు కొట్టడమే మందు. అంత భయపడిన చోట ఏమీ జరగకపోతే, ఆ భయానికి ఇక తిండి దొరకదు.

నువ్వు చదివిన విషయానికి వెనక ఉన్న కథ కొంచెం. ఇది పంతొమ్మిదో శతాబ్దం చివర జర్మనీలో ఊపందుకుంది. ఫ్యాక్టరీ పొగల్లో మగ్గిన పట్నవాసులకి ఎండ, గాలి, నీళ్లు కావాలన్న ఉద్యమంలో ఒక పాయ. 1953లో ఫ్రాన్స్‌లోని మోంటలివెలో వీళ్ల అంతర్జాతీయ సమాఖ్య పుట్టింది. 1974లో వాళ్లు రాసుకున్న నిర్వచనంలో నలుగురిలో నగ్నంగా ఉండటంతో పాటు, తన మీద గౌరవం, ఎదుటివాళ్ల మీద గౌరవం, ప్రకృతి మీద గౌరవం అని మూడూ ఉన్నాయి. ఇక్కడ కామానికి చోటు లేదు. తేరిపార చూడకూడదు, ఫోటో తీయకూడదు, తువ్వాలు వేసుకోకుండా కూర్చోకూడదు. మన దేశానికీ ఇది మరీ కొత్తేం కాదు. 1891లోనే బొంబాయి దగ్గర ఠాణాలో చార్లెస్ క్రాఫోర్డ్ అనే ఇంగ్లీషు జడ్జి ఇలాంటి సంఘం ఒకటి పెట్టాడు. సభ్యులు ముగ్గురే. ఆయనకి బదిలీ అయ్యేసరికి సంఘం కూడా సర్దుకుంది. దిగంబర జైనులు, వేమన బొమ్మ అంటూ మొదలెట్టి ఇది మన సంప్రదాయమే అనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట పట్టుకోకు. సర్వం వదులుకున్నవాడి నగ్నత్వం వేరు, ఆదివారం సేద తీరడానికి వచ్చినవాడిది వేరు.

పరిశోధన సంగతి. లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో కియాన్ వెస్ట్ అనే సైకాలజీ ఆచార్యుడు దీని మీద పనిచేశాడు. 2018లో అచ్చయిన పేపర్లో 849 మంది బ్రిటిష్ వాళ్లని అడిగితే, ఇలాంటివాటిలో ఎక్కువ పాల్గొన్నవాళ్లకి తమ ఒంటి మీద మంచి అభిప్రాయం, ఆత్మగౌరవం, జీవితం మీద తృప్తి ఎక్కువున్నట్టు తేలింది. అయితే ముందే ఒళ్లంటే సిగ్గు లేనివాళ్లే అక్కడికి వెళ్తారేమో కదా? ఆ అనుమానం నాకూ వచ్చింది, ఆయనకీ వచ్చింది. అందుకే తర్వాత 51 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుని బట్టలతో, ఒక గుంపుని బట్టలు లేకుండా కాసేపు కలిసి గడపమన్నాడు. బట్టలు లేని గుంపులో వాళ్లకి తమ ఒంటి మీద ఇష్టం పెరిగింది. ఎదుటివాళ్లు నా ఒంటిని తూకం వేస్తున్నారేమో అన్న బెంగ తగ్గడమే అందుకు దారి అని ఆయన తేల్చాడు. 51 మంది చిన్న లెక్కే, అదీ బ్రిటన్‌లో, తమంతట తాము వచ్చినవాళ్లతో. అయినా నాకు కోట్కాలో జరిగిందానికి అది సరిగ్గా సరిపోతుంది.

నీ దగ్గరికి వస్తాను. నీ 30 ఏళ్లలో చొక్కా లేని మామూలు ఒళ్లు ఎన్ని చూశావో ఒకసారి లెక్కపెట్టుకో. ఫోన్లో చూసినవి వద్దు, ఎదురుగా చూసినవి. మీ నాన్నగారు, ఒకరిద్దరు బాబాయిలు, హాస్టల్ స్నేహితులు. పదిహేను దాటవు. ఫోన్లో చూసినవి మాత్రం వేలు, అందులో ప్రతివాడికీ పొట్ట మీద ఆరు పలకలు. నీ చర్మం దేనితో పోల్చుకుని వేలాడుతోంది మరి? నేచురిజం చేసే అసలు పని ఈ లెక్కని సరిచేయడం. నీ ఒళ్లు పదిమందికి చూపించడం కంటే, పదిమంది మామూలు ఒళ్లు నీ కంట పడటం ముఖ్యం.

దానికి వైజాగ్‌లో బట్టలన్నీ విప్పే చోటు అక్కర్లేదు. మగవాడివి కాబట్టి నీకిది సులువు. తెల్లారి ఐదున్నరకి జాలర్లుండే పెదజాలారిపేట వైపు వెళ్లు. అలివి వల, అంటే ఒడ్డు మీంచి తాళ్లతో లాగే పెద్ద వల, లాగే రోజైతే రెండు తాళ్లకీ ఇటూ అటూ మనుషులు వరసగా ఉంటారు, గోచీలతో, నిక్కర్లతో. ఫోన్ బండి డిక్కీలో పెట్టేసి, ఒక పెద్దాయన్ని అడిగి తాడు పట్టుకో. చొక్కా నీకే అడ్డం వచ్చి నువ్వే విప్పేస్తావు. ఎండిన డొక్కలు, జారిన పొట్టలు, తాడు ఒరుసుకుని కాయలు కాచిన భుజాలు చూస్తావు. నిన్ను మాత్రం ఎవడూ చూడడు, చూస్తే నువ్వు తాడు సరిగ్గా లాగడం లేదనే చూస్తాడు. అదయ్యాక బీచ్ రోడ్డులో కార్పొరేషన్ ఈత కొలను. సాయంత్రం కుర్రకారు ఉంటారు, అప్పుడొద్దు. పొద్దున్న పూట వెళ్లు, రిటైరైనవాళ్లు ఎక్కువ. ఆ గట్టు మీద పదిమంది పెద్దమనుషుల పొట్టలు చూస్తే నీది ఏ మూలకి?

ఇదే ప్రశ్న ఒక అమ్మాయి అడిగి ఉంటే నా దగ్గర ఇంత తేలిక జవాబు లేదు. శ్రీకాకుళం వైపు మా నాయనమ్మ బతికినంతకాలం రవిక వేసుకోలేదు, చీర కొంగే. ఊళ్లో ఆమె ఈడు ఆడవాళ్లంతా అంతే, ఎవరికీ అదొక విషయం కాదు. అలాగని ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోను. ఆవిడే పుట్టిన ప్రతి మనవరాలినీ చూసి "నల్లగా పుట్టిందే" అని దిగులు పడేది.

యారాడ ఎందుకు వద్దంటున్నానంటే, జనం లేని చోటు అనుకునేది నువ్వొక్కడివే. తెల్లవారుజామున వలలవాళ్లు తిరుగుతారు, పక్క కొండ మీద నేవీ, ఇప్పుడు ఎవడి చేతిలో చూసినా డ్రోను. బహిరంగ ప్రదేశంలో ఇతరులకి ఇబ్బంది కలిగించే అసభ్య పని అంటూ భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 296 కింద కేసు పెట్టొచ్చు, 3 నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2020లో గోవా బీచిలో బట్టలు లేకుండా పరిగెత్తిన ఫోటో పెట్టినందుకు నటుడు మిలింద్ సోమన్ మీదే కేసు పెట్టారు. నగ్నంగా ఉన్నంత మాత్రాన ఫోటో అశ్లీలం కాదని 2014లో సుప్రీంకోర్టు ఒక పత్రిక కేసులో చెప్పిన మాట నిజమే. ఆ తీర్పు కాపీ పట్టుకుని యారాడలో నిలబడితే కానిస్టేబుల్ చదువుతాడని మాత్రం ఆశ పెట్టుకోకు. చట్టం సంగతి పక్కన పెట్టినా, అక్కడికి నీళ్లకీ చేపలకీ వచ్చే ఆడవాళ్లకి నిన్నలా చూడటం ఇష్టం ఉండదు. ఎదుటివాళ్లకి ఇష్టం లేకుండా చేస్తే అది నేచురిజం కానే కాదు.

ఇంకొకటి, దీని గురించి గట్టిగా చెప్తున్నాను. "వైజాగ్ నేచురిస్ట్ గ్రూప్, కపుల్స్ వెల్‌కమ్" అంటూ టెలిగ్రామ్‌లో తగిలేవాటి జోలికి పోకు. ముందు ఫోటో పంపమంటారు, తర్వాత ఆ ఫోటో మీ ఆఫీసుకి పంపుతామంటారు. పెళ్లి దగ్గర పడ్డ మనిషి వాళ్లకి మంచి బేరం. ఇప్పటికే ఏదైనా పంపి ఉంటే సిగ్గుపడి డబ్బు కట్టొద్దు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. అనుమతి లేకుండా ఒకరి రహస్య భాగాల ఫోటో తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఈ కింద 3 ఏళ్ల దాకా శిక్ష ఉంది, చట్టం నీ వైపే.

ఇంట్లో చేయగలిగింది మాత్రం చాలా ఉంది. నేను చేసింది చెప్తాను. స్నానం చేశాక గది గడియ పెట్టి, కిటికీ తెర వేసి, కుర్చీ మీద తువ్వాలు పరుచుకుని ఇరవై నిమిషాలు బట్టలు లేకుండా ఉండేవాణ్ని. ఫోన్ వేరే గదిలో. మొదట్లో ఏం చేయాలో తోచక మంచం మీద బిగుసుకుని కూర్చునేవాణ్ని. అది తప్పు. అలా కూర్చుంటే ధ్యాసంతా ఒంటి మీదే ఉంటుంది. ఏదో ఒక పని పెట్టుకోవాలి. నేను ఉతికిన బట్టలు మడతపెట్టేవాణ్ని, పాత రేడియో విప్పి బిగించేవాణ్ని. నువ్వు ఆ రోజు వార్తలు చదువుకో. ఇస్త్రీ మాత్రం వద్దు, అది అనుభవం మీద చెప్తున్నాను. రెండు మూడు వారాలకి ఒళ్లు ఉందన్న సంగతి మధ్యమధ్యలో మర్చిపోతావు. మర్చిపోయిన ఆ ఐదు నిమిషాలే మనకి కావలసింది.

అద్దం ముందు నిలబడి "నేను అందంగా ఉన్నాను" అనుకోమనేవాళ్లున్నారు. నాకు పడలేదు, అబద్ధం చెప్తున్నట్టుండేది. అద్దం చూస్తే ఇంజనీరు రిపోర్టు రాసినట్టు చూడు. బొడ్డు కింద రెండు మడతలు, ఎడమ దానికంటే కుడిది పెద్దది, చారలు తెల్లబడ్డాయి. ఛీ అనొద్దు, ఆహా అనొద్దు. రెండు నిమిషాలు, చాలు.

దీనివల్ల నీకు అదనంగా ఒక లాభం ఉంది. మన ఉక్కపోతలో చర్మం మడతల మధ్య చెమట ఆరక ఒరుసుకుపోయి ఎర్రబడుతుంది, తామర పడుతుంది. రోజూ తుడిచి గాలికి ఆరబెడితే ఆ బెడద తగ్గుతుంది. మెడికల్ షాపువాడు ఇచ్చే మూడు మందులు కలిపిన ట్యూబు రాయొద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, మొదట తగ్గినట్టే ఉండి మొండి తామరగా తిరగబెడుతుంది. చర్మ డాక్టరుకి చూపించు.

ఒక హద్దు కూడా చెప్పాలి. రోజుకి గంటల తరబడి అద్దం ముందు గడుస్తున్నా, ఒంటి కోసం ఉద్యోగం, స్నేహితులు వదులుకునేదాకా వచ్చినా, తిండి మానేస్తున్నా, ఇవేవీ సరిపోవు. మానసిక వైద్యుణ్ని కలువు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు చెప్పి ఊళ్లో జోకులేసుకుంటాం కానీ, మావాడు ఒకడు అక్కడ ఓపీలో చూపించుకునే బాగుపడ్డాడు. వెళ్లడానికి మొహమాటమైతే ముందు 14416కి ఫోన్ చేసి మాట్లాడు, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు.

ఇక నువ్వు విడమరిచి రాయకపోయినా నీ అసలు టెన్షన్ మాఘమాసం గురించేనని నాకు అర్థమైంది. పెళ్లికొడుకుని చేసే రోజు పంచె కట్టి, చొక్కా లేకుండా పీట మీద కూర్చోబెడతారు. అత్తలు, పిన్నులు నలుగు పెడతారు, చుట్టూ ఫోన్లు. మన వాళ్లు కడుపులో ఏదీ దాచుకోరు, "అయ్యో, చర్మం అలా వేలాడిపోతోందేంట్రా" అని ఎవరో ఒకరు అనే తీరతారు. దానికి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకో. "39 కిలోలు దిగిపోయింది అత్తా, సంచి మిగిలింది" అను. నవ్వేసి పసుపు రాస్తారు. వీడియో తీసేవాడికి ముందే చెప్పుకో, నలుగు దగ్గర భుజాల పైనుంచి తీస్తే చాలని. వద్దంటే మానేస్తాడు, అదేం శాస్త్రం కాదు కదా.

అమ్మాయికి మాత్రం పెళ్లికి ముందే నోటితో చెప్పు. ఫోటో పంపకు, మాటగా చెప్పు. నేను ఆ పని చేయకుండా నాలుగేళ్లు దీపం ఆర్పుకుంటూ బతికాను. కోట్కా నుంచి వచ్చాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఉక్క పోస్తుంటే, బనియను విప్పేసి హాల్లో కూర్చున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడి, తీరిగ్గా మొత్తం చూసింది. పెళ్లయిన పదమూడో ఏట. "గట్టు మీద వల ఆరేసినట్టుంది, అంతే కదండీ" అని విసనకర్ర తెచ్చిచ్చింది. నేచురిజం అనే మాట మాత్రం ఇప్పుడే ఎత్తకు. నీ గదిలో నువ్వు చేసుకునేది నీ ఇష్టం, ఆ అమ్మాయినీ అందులో కలవమనడం మాత్రం తనకి తోచినప్పుడు, తోస్తే.

ఆపరేషన్ గురించి కూడా ఆలోచిస్తూ ఉంటావు. అంత బరువు తగ్గినప్పుడు సాగిన చర్మం వ్యాయామంతో పూర్తిగా లోపలికి పోదు, ఏ ఆయిలు రాసినా పోదు. తీయించుకోవాలనుకోవడంలో తప్పేం లేదు, ఒంటిని ఒప్పుకోవడానికీ దానికీ పేచీ ఏమీ లేదు. కానీ బరువు కనీసం ఆరు నెలలైనా ఒకేచోట నిలబడ్డాకే సర్జన్లు చేస్తామంటారు. చేశాక ఆరు వారాల దాకా బరువులు ఎత్తనివ్వరు, కొన్నాళ్లు నడుం నిటారుగా పెట్టి నడవలేవు కూడా. కాబట్టి చేయించుకుంటే పెళ్లయ్యాకే. మాఘంలో మీ మేనమామలు గంటల తరబడి పీటల మీద కూర్చోబెడతారు, ఆ కుట్లతో నీ వల్ల కాదు.